పడమర చెరువు, ఉత్తరం డొంక

వింజమూరులో దస్తావేజులు రాస్తూ బతికినవాణ్ణి. కవిత్వంతో నాకు లావాదేవీ లేదు. రైటరు రాతలో ఒక్క మాట అటూ ఇటూ అయితే అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరుగుతారు, అందుకని వర్ణనల జోలికి పోవద్దని పని నేర్పిన పెద్దాయన ముందే చెప్పాడు. అలాంటి రాతలో హైకూ ఉందంటే నాతోటి రైటర్లే నవ్వుతారు. ఒక మెట్ట పొలం క్రయ దస్తావేజు షెడ్యూలు తీసుకోండి. తూర్పు హద్దు ఎవరో ఆసామి భూమి, ఆయన పేరు మనకొద్దు. మిగిలిన మూడు హద్దులివి:

దక్షిణం వాగు
పడమర చెరువు
ఉత్తరం డొంక

వేళ్ల మీద లెక్కపెట్టండి. ఐదు, ఏడు, ఐదు. జపాను హైకూకి అందరూ చెప్పే కొలత ఇదే, మూడు పాదాల్లో పదిహేడు. పదిహేడో శతాబ్దపు బషో ఈ పద్ధతిలో రాసిన పెద్ద కవి. దానికి హైకూ అన్న పేరు స్థిరపడింది మాత్రం షికి (1867-1902) చేతుల మీదుగా. మన దగ్గర ఇస్మాయిల్, పెన్నా శివరామకృష్ణ లాంటివాళ్లు హైకూని తెలుగు చేశారు. లెక్క ఒక్కటే సరిపోదు. ఏదో ఒక రుతువు తగలాలి, రెండు వస్తువులు పక్కపక్కన నిలబడాలి, వాటి మధ్య కాస్త జాగా ఉండాలి, కవి నోరు మూసుకోవాలి. ఆ ఆఖరి షరతు దస్తావేజు రాసేవాడికి పుట్టుకతోనే వచ్చినట్టు లెక్క.

అనుకోకుండా పద్యం పడటం కొత్త సంగతేం కాదు. 1819లో విలియం హ్యూయెల్ అనే కేంబ్రిడ్జి పండితుడు యంత్రశాస్త్రం మీద పాఠ్యపుస్తకం వేశాడు. ఎంత బలంతో లాగినా, తాడు ఎంత సన్నదైనా, అడ్డంగా కట్టినప్పుడు అది పూర్తి తిన్నగా రాదని అందులో ఒక వాక్యం. అది వాళ్ల ఛందస్సులో, అంత్యప్రాసలతో సహా, నాలుగు పాదాల పద్యంగా కుదిరిపోయింది. రాసినాయనకు తెలియలేదు. ఆడమ్ సెడ్జ్‌విక్ అనే సహచరుడు ఒక విందులో దాన్ని పద్యంలా చదివి వినిపించాడు. హ్యూయెల్‌కి అది నచ్చినట్టు లేదు, తర్వాతి కూర్పులో ఆ వాక్యాన్ని మార్చేశాడు. నేనైతే ఉంచేవాణ్ణి.

2013లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో జేకబ్ హారిస్ అనే ప్రోగ్రామరు ఈ వెతుకులాటని కంప్యూటరుకి అప్పజెప్పాడు. ఉచ్చారణ నిఘంటువు సాయంతో అది వార్తల్లోని వాక్యాలను లెక్కగట్టి, ఐదు-ఏడు-ఐదుగా విరిగేవాటిని ఏరి పక్కన పెట్టేది. వాటిలో ఏది బాగుందో తేల్చింది మాత్రం మనుషులే.

తెలుగులో లెక్కకి నిఘంటువు అక్కర్లేదు, అక్షరం కంటికే కనిపిస్తుంది. పొల్లు ముందు అక్షరంలో కలిసిపోతుంది, ఒత్తుకి వేరే లెక్క లేదు. ఇబ్బంది పాదం విరిగే చోట వస్తుంది. ఐదో అక్షరం దగ్గరా పన్నెండో అక్షరం దగ్గరా మాట అయిపోవాలి. మన మాటలేమో గొలుసులు. మేం రోజూ రాసే ‘అనుభవించుకొనగలవారు’ ఒక్కటే పదకొండు అక్షరాలు, ఏ పాదంలోనూ పట్టదు. అయినా పద్యం కంటే హైకూయే నయం. ఆటవెలది గణాలు పొరపాటున కుదిరినా యతి దగ్గర దొరికిపోతాం. హైకూకి ఆ బాదరబందీ లేదు.

పండితులు ఇక్కడ నన్ను పట్టుకోవచ్చు. జపాను లెక్కలో దీర్ఘం రెండు, చివర వచ్చే ‘న్’ ఒకటి. అంటే అది మన మాత్రల లెక్కకు దగ్గర. ఆ ప్రకారం ‘దక్షిణం వాగు’ ఎనిమిది మాత్రలై నా హైకూ బుట్టదాఖలవుతుంది. తెలుగులో అక్షరాలే లెక్కపెట్టుకుందాం అని నా మనవి.

లెక్క కుదిరి హైకూ కానివీ ఉంటాయి. ఆత్మకూరు బస్సులో కిటికీ పైన కనిపించే మాటలివి:

చేతులు, తల
బయట పెట్టరాదు
ప్రమాదకరం

పదిహేడూ పక్కా. కానీ చివరి మాట అంతా చెప్పేసింది. చేతులు, తల అని ఆగి ఉంటే ఆలోచించేవాణ్ణి.

మా వృత్తిలో అన్నిటికంటే పాత సరుకు అష్టభోగాలు. భూమితో పాటు కొన్నవాడికి దక్కే ఎనిమిది హక్కులను విజయనగర కాలపు శాసనాల్లో చెక్కారు, మేం స్టాంపు కాగితం మీద రాశాం. ‘నిధి నిక్షేప, జల తరు పాషాణ, ఆగామి సిద్ధ’. ఐదు, ఏడు, ఐదు! తీరా చూస్తే ‘సాధ్య’ అనే రెండక్షరాలు బయట మిగిలాయి. ఎనిమిదో భోగాన్ని వదిలేసి దస్తావేజు రాయలేను కదా. అయినా మట్టికింద దాచిన సొమ్మునీ, నీళ్లనీ, చెట్టునీ, రాయినీ ఒక వరసలో కూర్చోబెట్టిన ఆ తొలి లేఖకుడికి మనసులో దండం పెట్టుకుంటాను.

ఇలాంటివి వెతకాలనుకునేవారికి మన జిల్లాలో మంచి గని ఉంది. అలన్ బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా తెచ్చిన నెల్లూరు జిల్లా శాసనాల పుస్తకం. తాలూకాల వారీగా ఉంటుంది, మన ఉదయగిరి, ఆత్మకూరు అందులో ఉన్నాయి. అయితే జాగ్రత్త, రాతి మీద పాదాలు విరిచి చెక్కరు. తొమ్మిదో శతాబ్దపు అద్దంకి శాసనాన్ని విడదీసి చదివితే తరువోజ పద్యం బయటపడింది. అది కావాలని కట్టిన పద్యం. దాన్నీ అనుకోకుండా పడినదాన్నీ ఒకే గాట కట్టకూడదు.

నాకున్న నియమం ఒక్కటే, దొరికినదాంట్లో ఒక్క అక్షరమైనా మార్చకూడదు. ‘పడమర చింతచెట్టు’ ఎనిమిది అయిందని చెట్టు కొట్టేస్తే అది మీ కవిత్వం అవుతుంది, దస్తావేజుది కాదు.

అసలు ఈ వాగులూ డొంకలూ మా రాతల్లోకి సరదాకి రాలేదు. ఆస్తిని గుర్తుపట్టేంత వివరం లేకపోతే రిజిస్ట్రేషనుకు తీసుకోరు. 1908 చట్టంలో 21వ సెక్షన్ అది. పొలానికి నంబరు ఒకటే చాలదు, పక్కన ఏముందో రాయాలి. ఇప్పుడు మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే అయిన ఊళ్లలో ప్రతి కమతానికీ కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు వచ్చింది. నాలుగు వైపులా నంబర్లే హద్దులైతే ఇక వాగుకి చోటెక్కడ అని నా బెంగ.

మా మేనల్లుడికి ఆ బెంగ లేదు. వాడూ ఇదే పనిలో ఉన్నాడు. మొన్న ఒక కాగితం తెచ్చి, “మామా, అంకెలు పైకి చదువు” అన్నాడు.

సర్వే నంబరు
రెండు వందల పది
మెట్ట పొలము

నేనొప్పుకోలేదు. “లెక్క సరే, ఇందులో రుతువేదిరా?” అన్నాను.

“మెట్ట పొలం అంటే వానెప్పుడా అని చూడటమే గదా మామా” అన్నాడు.