కోడ్ తొందరగా రాస్తే పని తొందరగా అయినట్టేనా?

మిర్యాలగూడ రైస్ మిల్లులో కొత్త మిషన్ పెడితే దాని పనితనం తేల్చడం పెద్ద కష్టమేం కాదు. క్వింటా వడ్లకు ఎన్ని కిలోల బియ్యం వచ్చాయి, అందులో నూకలెన్ని అని చూస్తారు. ప్రభుత్వానికి మర ఆడించి ఇచ్చే బియ్యానికైతే లెక్క ఖాయం: క్వింటాకు పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యం 68 కిలోలు. మరి సాఫ్ట్‌వేర్ పనిని ఏ కాంటాతో తూచాలి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ వెళ్లి కోడింగ్ చేస్తున్న యువతకు ఇది ఉద్యోగంతో ముడిపడిన ప్రశ్న. ‘ఏఐ టూల్ ఇచ్చాం కదా, సగం రోజుల్లో పూర్తి చెయ్’ అని మేనేజర్ అంటే ఏం చెప్పాలి?

లైన్ల లెక్కతో మోసం

ఎన్ని లైన్ల కోడ్ రాశారన్నది కొలమానం కాదు. పది లైన్లలో అయ్యే పనికి వంద లైన్లు రాస్తే అది తాలుతో కలిపి వడ్లు తూచినట్టే. తర్వాత తప్పులు సరిదిద్దే టైమ్ కూడా లెక్కలోకి రావాలి.

రెండు పరీక్షలు, రెండు ఫలితాలు

గిట్‌హబ్ కోపైలట్‌పై 2022లో 95 మందితో ఒక పరీక్ష జరిగింది. అందరికీ ఒకే చిన్న ప్రోగ్రామ్ ఇచ్చారు. టూల్ వాడినవాళ్లు దాదాపు 56 శాతం తక్కువ టైమ్‌లో ముగించారు.

2025లో అమెరికా సంస్థ మెటర్ ఫలితం దీనికి రివర్స్. అనుభవమున్న 16 మంది డెవలపర్లు, తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. ఏ పనికి ఏఐ వాడాలో, దేనికి వద్దో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. విచిత్రమేంటంటే, పనంతా అయ్యాక కూడా తాము 20 శాతం వేగంగా చేశామనే వాళ్లు అనుకున్నారు.

ఒక కారణం ఇది కావచ్చు. టూల్ ఇచ్చిన కోడ్‌లో వాళ్లు ఉంచుకున్నది సగం కన్నా తక్కువే. మిగతాది చదివి, సరిచేసి, తీసేయడానికి కొంత టైమ్ పోయింది. 16 మంది ఫలితం అందరికీ వర్తించదు. కానీ ‘వేగంగా అయినట్టుంది’ అనే మాటను నమ్మి గడువు పెట్టకూడదని మాత్రం ఇది చెబుతోంది.

ఏం చేయాలి?

చిన్న టీమ్ కూడా కొలుచుకోవచ్చు. ఒకే రకం పనులను చీటీలు వేసి రెండు భాగాలు చేయాలి. ఒక భాగానికి టూల్ వాడాలి, రెండోదానికి వద్దు. పని మొదలైనప్పటి నుంచి చెకింగ్, రిపేర్ అయ్యేదాకా టైమ్ రాసుకోవాలి. ఆ లెక్క టూల్‌ను తూచడానికే వాడాలి, మనిషిని తూచడానికి కాదు. గడువు మీద మాట వచ్చినప్పుడు చేతిలో ఆ కాగితం ఉంటే, జవాబు చెప్పడం తేలిక.