మనస్సును కంప్యూటర్‌లోనికి ఎక్కించగలరా?



"పాస్టరుగారూ, మనిషి చనిపోయినా అతని మనస్సును కంప్యూటర్‌లో ఉంచవచ్చునట గదా?" అని యౌవనస్థులు అడుగుచున్నారు. ఇది నవ్వి పంపివేయదగిన ప్రశ్న కాదు.

ఈ తలంపునకు మన తెలుగువారితోను కొంత సంబంధమున్నది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. అక్కడ పనిచేసిన హాన్స్ మొరావెక్ 1988లో ‘మైండ్ చిల్డ్రన్’ అను పుస్తకం వ్రాశాడు. (రాజ్ రెడ్డిగారు ఈ మాట అన్నారని నేననడం లేదు సుమా!) రోబో వైద్యుడు మెదడును పొర తరువాత పొరగా పరీక్షించి, దాని పనిని కంప్యూటర్‌కు అప్పగించి, ఆ పొరను తీసివేస్తాడట. చివరకు పుర్రె ఖాళీ. మనిషి యంత్రములో మేల్కొని ఉంటాడు! ఇది ఊహ మాత్రమే.

లాలాగూడవారికి ఇది సులభంగా బోధపడుతుంది. మన రైల్వే వర్క్‌షాప్‌కు వచ్చిన బోగీకి చక్రాలు, స్ప్రింగులు, సీట్లు మారుస్తారు. అయినా అదే బోగీ అంటాము. మొరావెక్ ఆశ అదే. కాని అదే డ్రాయింగుతో ప్రక్క పట్టాలమీద ఇంకొకటి కట్టి, అదే నంబరు వేసి, మొదటిదాన్ని తుక్కుకు పంపితే? అది నకలే గదా. నాకు ఈ పోలికే సరియైనదనిపిస్తుంది.

శాస్త్రము ఎంతవరకు వచ్చింది? 302 నాడీకణాలుగల చిన్న పురుగు పటము 1986లోనే వెలువడింది. ఈనాటికీ ఆ పురుగును కంప్యూటర్‌లో పూర్తిగా బ్రతికించలేకపోయారు. 2024లో పండ్ల ఈగ మెదడు పటము సిద్ధమైంది; సుమారు 1,40,000 కణాలు. మనిషికి దాదాపు 8,600 కోట్లు! అదే సంవత్సరం మానవ మెదడులో ఒక్క ఘన మిల్లీమీటరు ముక్కను చిత్రించడానికి 14 లక్షల గిగాబైట్లు పట్టింది.

దూరపు సంగతే గదా అనుకుంటున్నారా? మన సంఘములో ఒక తల్లి, పోయిన కుమారుని గొంతును ఫోనులో ప్రతి రాత్రి వింటుంది. అదే గొంతుతో బదులు పలికే ప్రోగ్రాము చేయిస్తామని బంధువులంటున్నారు. ఆ ప్రోగ్రాము అతడు విడిచిన మాటలనుబట్టి తరువాతి మాటను అంచనా వేస్తుంది. తల్లి పిలుస్తున్నదని అతనికి తెలియదు.

శరీరము పంజరము, ఆత్మ ఎగిరిపోతే చాలునని మనలో చాలామంది అనుకుంటారు. అది ప్లేటో తలంపు, పౌలుది కాదు. మొదటి కొరింథీ 15వ అధ్యాయము శరీర పునరుత్థానమును గూర్చినది. తోమాకు ప్రభువు చూపినది గాయములుగల దేహమునే.

గొంతును తీసివేయమని ఆ తల్లితో నేను చెప్పలేదు. వినమ్మా, ఏడ్వమ్మా అన్నాను. బదులు పలికేది మాత్రం వద్దన్నాను. ఆమె ఇంకా ఏమీ తేల్చుకోలేదు. వచ్చే శుక్రవారం వారింట ప్రార్థన కూడిక ఉన్నది.