విద్యార్థుల రాయబార సభ

రాయబారమనగానే మన గోదావరి పల్లెలలో ఎవరికైనను పద్యనాటకములోని శ్రీకృష్ణ రాయబారమే స్ఫురించును. ఆ నాటకమున సంధి పొసగదని ప్రేక్షకులందరికి ముందే తెలియును. విద్యార్థులు జరుపు రాయబార సభలో మాత్రము ముగింపు ఎవరికిని తెలియదు. దానిని వారే సాధించుకొనవలెను. అట్టి సభ నడచు తీరును ఇచట వివరింతుము.

1920 నాటి దశాబ్దిలోనే అమెరికా విశ్వవిద్యాలయములలో విద్యార్థులు నమూనా నానాజాతి సమితి సభలు జరిపిరి. 1945లో ఐక్యరాజ్య సమితి ఏర్పడిన పిదప అవి ఆ సమితి పేరిట సాగి, నేడు హైదరాబాదు వంటి నగరముల విద్యాలయములలోను జరుగుచున్నవి.

సభకు ముందుగా ఒక సమస్యను నిర్ణయించి, ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క దేశమును అప్పగింతురు. అతడు తన సొంత అభిప్రాయమును గాక ఆ దేశపు ప్రయోజనమునే పలుకవలెను. అందుకై గ్రంథములు చదివి, దాని వైఖరిని ఒక పుటలో వ్రాసి తెచ్చును. సభలో అధ్యక్షుడు హాజరు పిలిచి, వరుసగా ఒక్కొక్కరికి ఒకటి రెండు నిమిషముల గడువిచ్చును. పిమ్మట విరామము ప్రకటించును. అసలు పని అప్పుడే ఆరంభమగును. ప్రతినిధులు ఆసనములు విడచి, గుంపులుగా చేరి, ఇచ్చిపుచ్చుకొనుచు చిత్తు తీర్మానము వ్రాయుదురు. దాని మొదటి భాగమున కారణములు, రెండవ భాగమున వరుస సంఖ్యలతో చేయవలసిన పనులు ఉండును. సవరణల పిదప ఓటు తీసికొందురు.

ఐక్యరాజ్య సమితి దూరమని తోచినచో, ఇదే పద్ధతిని జొన్నాడ పాఠశాలలో గోదావరి జలముల విషయమై నడుపవచ్చును. త్ర్యంబకము చెంత పుట్టి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించు ఈ నది ధవళేశ్వరము దిగువ చీలి, గౌతమీ పాయగా జొన్నాడ ప్రక్కనుండి సాగును. దిగువనున్న ఊరి బాలుడు దిగువ రైతు పక్షమున చక్కగా వాదించును; అందులో అతడు క్రొత్తగా నేర్చునది కొంచెమే. అతనికి మహారాష్ట్ర పక్షము నీయవలెను. అప్పుడు మరాఠ్వాడా కరవులను గూర్చి చదివి, ఎగువ రైతు నీటిని ఏల నిలుపుకొనగోరునో తెలిసికొనును. తన పక్షమునకు తప్పక కావలసినదేమి, నష్టము లేక విడువదగినదేమి అని లెక్క వేయును.

నిజమైన చర్చలును ఇట్లే సాగినవి. 1969లో బచావత్ అధ్యక్షతన న్యాయమండలి ఏర్పడినను, రాష్ట్రములే కూర్చుండి ఒడంబడికలు చేసికొనినవి. 1975 అక్టోబరు 6 నాటి ఒప్పందమున పైఠాన్ ఎగువనున్న జలములను మహారాష్ట్ర వాడుకొనుటకు ఆంధ్రప్రదేశ్ సమ్మతించెను. 1978 ఆగస్టు 4 నాటి ఒప్పందమున పోలవరమునుండి కృష్ణకు మరల్చు 80 టి.ఎం.సి.లకు బదులుగా, కృష్ణా జలములలో 35 టి.ఎం.సి.లు కర్ణాటక, మహారాష్ట్రలకును, 45 ఆంధ్రప్రదేశ్‌కును చెందునని నిర్ణయమయ్యెను. ఒక టి.ఎం.సి. యనగా శతకోటి ఘనపుటడుగులు. 1980 నాటి తీర్పు ఇట్టి ఒడంబడికలనే ఆధారముగా గైకొనెను. నేడు సభ జరిపినచో 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కును, 2014లో ఏర్పడిన తెలంగాణకును కూడ ఆసనములు వేయవలెను.

ఇట్టి సభలలో తరచు కనిపించు లోపమొకటి కలదు. వాగ్ధాటికి చప్పట్లు కొట్టి, ఓట్ల ఆధిక్యమునే విజయమని భావింతురు. ఎగువవారు అంగీకరింపని తీర్మానమునకు ఎన్ని ఓట్లు వచ్చినను, అది దిగువకు చుక్క నీరు తేజాలదు. కావున ఎదుటి పక్షముచేత సంతకము చేయింపగలిగిన విద్యార్థికే ప్రథమ స్థానమీయుట న్యాయము.

దీనికి ఒక పటము, నాలుగు బల్లలు, ఒక గంట చాలును. ఇంటివద్ద సాధన మరింత సులభము. రేడియోలో వార్తలు ముగిసిన వెంటనే, ఈ తగవులో రెండవవారు ఏమందురని పిల్లలను అడిగి చూడుడు.