ఒక్క డోసుతో డిప్రెషన్ పోతుందా?

ఈ మధ్య నా ఫీడ్ నిండా పుట్టగొడుగులే. కూర వండుకునేవి కాదు, మ్యాజిక్ మష్రూమ్స్! ‘ఒక్కసారి తీసుకున్నా, డిప్రెషన్ మాయం’ అని ఎవరో ఒకరు కళ్లు పెద్దవి చేసి చెబుతుంటారు.

ఇదంతా ఉత్త గాలి కబురేం కాదు. వీటిలోని సైలోసైబిన్‌ని 1958లోనే వేరు చేసి చూపించాడు స్విట్జర్లాండ్ కెమిస్ట్ ఆల్బర్ట్ హాఫ్‌మన్. ఎల్‌ఎస్‌డీ కనిపెట్టిందీ ఆయనే. ఒంట్లోకి వెళ్లాక సైలోసైబిన్ సైలోసిన్‌గా మారి, మెదడులోని సెరటోనిన్ రిసెప్టర్ల మీద పనిచేస్తుంది.

2022లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన ట్రయల్ చూడండి. మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 233 మందిని మూడు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి 25 మిల్లీగ్రాములు, ఇంకో గ్రూపుకి 10, మూడోదానికి పేరుకి 1. మూడు వారాలయ్యాక, 25 తీసుకున్నవాళ్లలో 29 శాతం మందికి లక్షణాలు దాదాపు లేనంతగా తగ్గాయి. 1 తీసుకున్నవాళ్లలో అది 8 శాతమే. ఏ మందూ పనిచేయక విసిగిపోయినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. కానీ పదిమందిలో ఏడుగురికి అంత ఫలితం రాలేదు కదా! ఆ ఏడుగురూ రీల్స్‌లో కనిపించరు.

ఆ గది కూడా కనిపించదు. డోసుకి ముందే కౌన్సెలింగ్. ఆ రోజు మంచం మీద పడుకోబెట్టి, కళ్లకు మాస్క్ పెట్టి, మెల్లగా మ్యూజిక్ వినిపిస్తారు. ఆరేడు గంటలు థెరపిస్ట్ పక్కనే కూర్చుంటారు. తర్వాత ఆ అనుభవం గురించి మాట్లాడించే సెషన్లు. సైకోసిస్ వచ్చినవాళ్లను అసలు చేర్చుకోరు. ఇంత చూసుకున్నా, ఆ ట్రయల్‌లో మూడు గ్రూపుల్లోనూ కొందరికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. ఇక పార్టీలో ఎవడో చేతిలో పెట్టిన బ్లాట్‌లో ఏముందో, ఎంతుందో ఎవరికి తెలుసు?

రెండేళ్లుగా మందులు వాడుతున్న నా ఫ్రెండ్ ఒకతి, ‘ఇవి ఆపేసి అది ట్రై చేస్తేనో?’ అని మెసేజ్ పెట్టింది. నాకు భయమేసింది. ఆ ట్రయల్‌లోనూ పాత మందులు ఆపించారు, నిజమే. కానీ డాక్టర్ల పర్యవేక్షణలో. తనంతట తాను ఆపేయడం వేరే కథ. ‘పనిచేయట్లేదని డాక్టర్‌కే చెప్పు, మార్చడానికి దారులు ఉంటాయి’ అన్నాను.

పరిశోధకులకు ఇంకో చిక్కుంది. మామూలు ట్రయల్‌లో ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్త బిళ్ల ఇచ్చారో తెలియనివ్వరు. ఇక్కడ గోడలు కదులుతుంటే తెలియకుండా ఎలా ఉంటుంది? అసలుది దక్కిందన్న నమ్మకమే సగం పని చేసేస్తుందేమో! పీటీఎస్‌డీకి ఎండీఎంఏ వాడకం మీద వచ్చిన అనుమానాల్లో ఇదీ ఒకటి. 2024 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇవ్వకుండా మరో ట్రయల్ చేయమంది. ఆస్ట్రేలియా మాత్రం 2023 జూలై నుంచే, అనుమతి ఉన్న సైకియాట్రిస్టులను ఈ రెండూ రాయనిస్తోంది.

మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం ఇవి దగ్గరుంటే కేసే. ఈలోగా ఏ అర్ధరాత్రో మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416కి కాల్ చేయండి. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.