చంద్రుడి నెల, సూర్యుడి సేద్యం

కొండాపురం, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల నల్లరేగడిలో పప్పుశనగ వేసే రైతు అక్టోబరు వచ్చిందంటే ముందు మబ్బు వంక చూస్తాడు, తర్వాత కార్తె అడుగుతాడు. హస్త వెళ్లిందా, చిత్త వచ్చిందా, స్వాతి దాకా పదును నిలుస్తుందా? ఇది ఆశ్వయుజమా, కార్తికమా అని సేద్యం దగ్గర ఎవరూ ఆరా తీయరు. అదే రైతు ఇంట్లో పెళ్లి పెట్టుకుంటే కార్తెతో పని లేదు. అక్కడ మాసం, పక్షం, తిథి కావాలి. పంచాంగం ఒకటే గానీ లోపల నడిచే లెక్కలు రెండు.

ఉగాది తేదీలు వరసగా చూస్తే సంగతి బయటపడుతుంది. 2023లో మార్చి 22. 2024లో ఏప్రిల్ 9. 2025లో మార్చి 30. 2026లో మార్చి 19. పది పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ, మధ్యలో ఒక్కసారిగా పద్దెనిమిది రోజులు ముందుకు దూకుతుంది. ఈ ఊగిసలాటను నమ్ముకుని విత్తనం వేయలేం. మృగశిర కార్తె మాత్రం ఏటా జూన్ 8కి అటూ ఇటూగానే మొదలవుతుంది. చిత్త అక్టోబరు 10, 11 తేదీలకు వచ్చేస్తుంది. సూర్యుడు ఒక నక్షత్ర భాగాన్ని దాటడానికి పట్టే కాలమే కార్తె. ఏడాదిని 27 నక్షత్రాలు పంచుకుంటే ఒక్కోదాని వాటా పదమూడున్నర రోజులు. ఇందులో చంద్రుడికి పాత్రే లేదు. రోజూ మారే నక్షత్రం చంద్రుడిది, రెండు వారాలకోసారి మారే కార్తె సూర్యుడిది. రెంటికీ అవే పేర్లు కావడంతో బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ తికమకపడుతుంటారు.

ఏ దేశపు కేలండరు కథ తీసుకున్నా అసలు గొడవ పదకొండు రోజుల దగ్గరే మొదలవుతుంది. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. అలాంటివి పన్నెండు కలిపితే 354 రోజుల పైచిలుకు. సూర్యుడు మళ్లీ అదే నక్షత్రం దగ్గరికి చేరడానికి 365 రోజుల ఆరు గంటల పైన పడుతుంది. మిగిలిపోయిన ఆ పదకొండు రోజులను ఏం చేయాలి? ప్రాచీన ఈజిప్టువాళ్లు పౌర కేలండరులో చంద్రుణ్ణే పక్కనపెట్టి, 30 రోజుల నెలలు పన్నెండు చేసి చివర అయిదు రోజులు తగిలించారు. క్రీస్తుపూర్వం 45లో జూలియస్ సీజర్ తెచ్చిన పద్ధతీ సూర్యుడి వైపే మొగ్గింది. ఇస్లాం చంద్రుణ్ణి పట్టుకుని సూర్యుణ్ణి వదిలేసింది. బాబిలోనియావాళ్లు, యూదులు, చైనీయులు, మనవాళ్లు మాత్రం ఇద్దర్నీ ఒకే బండికి కట్టాలనుకున్నారు. అందుకు అప్పుడప్పుడూ ఒక నెలను అదనంగా చొప్పించక తప్పదు.

ఎప్పుడు చొప్పించాలి? రాజుగారి ఇష్టమా, పురోహితుడి ఇష్టమా? మన పంచాంగంలో ఆ నిర్ణయం ఎవరి చేతిలోనూ లేదు, నియమమే తేల్చేస్తుంది. రెండు అమావాస్యల నడుమ సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశిలోకి మారితే ఆ నెల నిజమాసం. మారకపోతే అధికమాసం. 2023నే చూడండి. జూలై 17 తెల్లవారుజామున సూర్యుడు కర్కాటకంలో ప్రవేశించాడు. ఆ రాత్రి పన్నెండు దాటీ దాటగానే అమావాస్య ముగిసింది. తర్వాతి అమావాస్య ఆగస్టు 16 మధ్యాహ్నం ముగిసింది. సూర్యుడు సింహంలోకి వెళ్లింది మర్నాడు, ఆగస్టు 17న. ఒక్క రోజు తేడాతో ఆ నెలకు సంక్రమణం దక్కలేదు, అది అధిక శ్రావణమైంది. వరలక్ష్మీ వ్రతం దగ్గర్నుంచి మరుసటి ఏటి ఉగాది దాకా అన్నీ ముందుకు జరిగాయి.

సగటున 32, 33 నెలలకు ఒక అధికమాసం వస్తుంది. 19 ఏళ్లలో ఏడు. 19 సౌర సంవత్సరాలూ 235 చాంద్రమాసాలూ దాదాపు సమానం కాబట్టి అధిక శ్రావణం 1985లో, 2004లో, 2023లో వచ్చింది. ఈ 19 ఏళ్ల చక్రం బాబిలోనియావాళ్లకు క్రీస్తుకు పూర్వమే తెలుసు.

అధికమాసాలు ఎక్కువగా చైత్రం నుంచి ఆశ్వయుజం లోపే ఎందుకు పడతాయన్నది ఇంకా ముచ్చటైన సంగతి. భూమి జూలై మొదట్లో సూర్యుడికి దూరంగా ఉంటుంది, నిదానంగా కదులుతుంది. అందుకే సూర్యుడు మిథునరాశిని దాటడానికి ముప్పయ్యొకటిన్నర రోజులు తీసుకుంటాడు. ఆ సందులో ఒక చాంద్రమాసం సులువుగా ఇమిడిపోతుంది. జనవరిలో భూమి దగ్గరగా, వేగంగా ఉంటుంది కాబట్టి ధనుస్సును ఇరవైతొమ్మిదిన్నర రోజుల లోపే దాటేస్తాడు. ఎప్పుడో అరుదుగా ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు పడి ఒక నెల పేరే మాయమవుతుంది. దాన్ని క్షయమాసమంటారు. 1963–64లో, 1982–83లో అలా జరిగింది. గ్రహకక్ష్య దీర్ఘవృత్తమని కెప్లర్ చెప్పకముందే ఆ దీర్ఘవృత్తం ఆనవాలు మన పండగల పట్టికలో ఉందన్నమాట.

తిథి ఇంతకంటే చిత్రమైనది. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడు ఒకసారి వేగంగా, ఒకసారి మందంగా నడుస్తాడు కాబట్టి తిథి ఇరవై గంటల నుంచి దాదాపు ఇరవై ఏడు గంటల దాకా సాగుతుంది. సూర్యోదయ వేళకు ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ తిథి. 2026 మార్చి 19 సూర్యోదయానికి ఇంకా అమావాస్యే. పొద్దున ఆరూ యాభై దాటాక పాడ్యమి మొదలై, మర్నాడు తెల్లవారుజామున అయిదు లోపే అయిపోతుంది. 20న సూర్యుడు లేచేసరికి విదియ. అంటే సంవత్సరాది పాడ్యమికి ఒక్క సూర్యోదయం కూడా దక్కలేదు. అలాంటప్పుడు పాడ్యమి మొదలైన రోజే ఉగాది చేసుకోవాలన్నది నియమం. అందుకే ఆ ఏడు మార్చి 19.

ప్రభవ, విభవ అంటూ సాగే అరవై ఏళ్ల చక్రానికి మూలం గురుడి నడక. కాకపోతే గురుడు రాశిని దాటేది ఏడాదికి కాస్త ముందే. ఉత్తరాదివాళ్లు ఆ లెక్క సరిచేయడానికి దాదాపు 85 ఏళ్లకోసారి ఒక పేరు దాటేస్తారు. దక్షిణాది ఆ ఆనవాయితీని వెయ్యేళ్ల కిందటే వదిలేసింది. ఇవాళ మన సంవత్సరం పేరూ కాశీ పంచాంగంలో పేరూ కలవకపోవడానికి కారణం ఇదే.

ఇన్ని లెక్కలు కాగితమూ కలమూ లేకుండా చేసినవాళ్లున్నారు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన జాన్ వారెన్ 1825లో 'కాలసంకలిత' అన్న పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. పుదుచ్చేరిలో ఒక తమిళ పంచాంగకర్త నేల మీద గవ్వలు పేర్చి, కంఠస్థం చేసిన పట్టికలను నెమరువేసుకుంటూ, 1825 మే 31 రాత్రి చంద్రగ్రహణాన్ని లెక్కగట్టడం అతను చూశాడు. గ్రహణారంభం నాలుగు నిమిషాల తేడాలో సరిపోయింది. మధ్యకాలం 23 నిమిషాలు, విడుపు 52 నిమిషాలు తప్పాయి. సిద్ధాంతం తెలియకపోయినా గవ్వలు అంత దగ్గరికి తీసుకువచ్చాయి.

పంచాంగం చరిత్రకారుడికి చేసే మేలు ఇంతా అంతా కాదు. కొండాపురం నుంచి కడప వైపు పోయే రైలు ముద్దనూరు దాటి ఎర్రగుంట్లలో ఆగుతుంది. ఆ పక్కనే కలమళ్ల. అక్కడి రేనాటి చోళ ధనంజయుడి శాసనం మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి. దాన్ని క్రీ.శ. 575 ప్రాంతానిదంటారు గానీ రాతి మీద సంవత్సరం లేదు. లిపి తీరును బట్టి పండితులు వేసిన అంచనా అది. విజయనగర కాలానికి వస్తే శాసనం ముందే శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం వరసగా పలుకుతుంది. ఇన్ని అంశాలు ఒకదానికొకటి పొసగాలి కాబట్టి దొంగ శాసనం తయారుచేసేవాడు ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు.

ఈ పొంతన చూడటానికి పట్టికలు కావాలని ముందుగా గుర్తించినవాళ్లలో కడపకు బాగా తెలిసిన పేరొకటుంది. 1820లో ఉద్యోగం మీద కడపకొచ్చిన సి.పి. బ్రౌన్‌ను మనం నిఘంటువు కోసం, వేమన కోసం తలుచుకుంటాం. ఆయన హిందూ, ముస్లిం కాలగణనలను ఇంగ్లీషు తేదీలతో పోల్చే 'సైక్లిక్ టేబుల్స్'ను 1850లో మద్రాసులో, 'కర్ణాటిక్ క్రోనాలజీ'ని 1863లో లండన్‌లో అచ్చు వేయించాడన్నది చాలామందికి తెలియదు. ఆ తర్వాత 1896లో రాబర్ట్ సీవెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్, 1922లో ఎల్.డి. స్వామికన్ను పిళ్లై ఆ పనిని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. శాసనాలు చదివేవాళ్లు ఇప్పటికీ పిళ్లై సంపుటాలు తిరగేస్తారు.

బ్రౌన్‌కు ముస్లిం లెక్క ఎందుకు కావలసివచ్చిందో కడప జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వచ్చి మొక్కులు చెల్లిస్తారు. పీర్ల పండగకు ఊళ్లలో అన్ని కులాలవాళ్లూ గుండం చుట్టూ చేరతారు. ఉగాది ఎంత ఊగినా మార్చి, ఏప్రిల్ దాటదు. పీర్ల పండగకు అలాంటి కట్టు లేదు. హిజ్రీ ఏడాది 354 రోజులే, అధికమాసం లేదు కాబట్టి దాదాపు 33 ఏళ్లలో అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. 2009లో మొహర్రం జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి, ఒకే ఏడాది రెండుసార్లు వచ్చింది.

భక్తికి అడ్డురాని ఈ కదలిక శిస్తుకు అడ్డొచ్చింది. పంట చేతికి రాకముందే హిజ్రీ సంవత్సరం తిరిగిపోతే రైతు దగ్గర ఏం వసూలు చేస్తారు? అక్బరు కాలంలో మొఘలులు పంటలకు సరిపడే సౌర సంవత్సరం పెట్టారు. అదే ఫసలీ. షాజహాన్ హయాంలో, 1636 ప్రాంతంలో, దాన్ని దక్కనుకు తెచ్చారు. అప్పుడు నడుస్తున్న హిజ్రీ 1046నే ఫసలీ అంకెగా తీసుకుని అక్కణ్ణుంచి సూర్యుడి లెక్కన ముందుకు నడిపారు. ఒకే అంకె దగ్గర బయల్దేరిన రెండు లెక్కల్లో హిజ్రీ ఇప్పుడు పన్నెండేళ్లు ముందుంది. 2025 జూలై 1న మొదలైనది ఫసలీ 1435, అప్పటికే హిజ్రీ 1447 వచ్చేసింది. మొఘలులు పోయారు, కుంఫిణీ పోయింది, కరణాలు పోయారు. అడంగల్‌లో, జమాబందీలో ఫసలీ మాత్రం ఉంది. వాడుకలో అక్కరకొచ్చే కేలండరును ఏ రాజ్యమూ తేలిగ్గా తీసేయలేదనిపిస్తుంది.

ఇంత కుదురుగా కనిపించే కార్తెలోనూ ఒక లోపముంది. మన సౌర సంవత్సరం నక్షత్రాలతో ముడిపడింది, వానలూ ఎండలూ విషువత్తులతో ముడిపడ్డాయి. భూమి అక్షం మెల్లగా గుండ్రం తిరగడం వల్ల ఈ రెండూ దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున విడిపోతున్నాయి. స్వామి వివేకానంద పుట్టిన 1863 జనవరి 12 ఆ ఏటి మకర సంక్రాంతి. ఇప్పుడు సంక్రాంతి 14న, 15న వస్తోంది. కలమళ్ల శాసనం చెక్కిన నాటికి మృగశిర కార్తె ఇవాళ్టి తేదీల్లో చెప్పాలంటే మే మూడో వారంలోనే మొదలయ్యేది. ముసలి ఎద్దు రంకె వేసేది మృగశిర వానకేనన్న సామెత ఆ రోజుల్లో పుట్టి ఉండే అవకాశం తక్కువ. దాదాపు ఆ కాలంవాడే అయిన వరాహమిహిరుడు, పాతగ్రంథాలు చెప్పిన చోట ఉత్తరాయణం మొదలు కావడం లేదని బృహత్సంహితలో గమనించాడు.

స్వతంత్రం వచ్చాక ఈ జరుగుడును ఆపాలని మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో కమిటీ వేశారు. దేశంలో ముప్పై దాకా కేలండర్లు వాడుకలో ఉన్నాయని తేల్చిన ఆ కమిటీ 1955లో నివేదిక ఇచ్చింది. 1957 మార్చి 22ను శకవర్షం 1879 చైత్రం ఒకటిగా ప్రకటించి జాతీయ కేలండరును మొదలుపెట్టారు. సైన్సుపరంగా శుభ్రమైన పని. గెజిట్‌లో, ఆకాశవాణిలో అది వినిపించింది. పెళ్లిపత్రికలోకి, పొలంలోకి రాలేదు. సంక్రాంతి ఇప్పటికీ నక్షత్రాల లెక్కనే నడుస్తోంది. 2100 ఫిబ్రవరికి 29వ తేదీ ఉండదు కాబట్టి ఆ తర్వాత అది ఇంకో అడుగు జరుగుతుంది: 2102లో సూర్యుడు మకరంలోకి వెళ్లేది జనవరి 16 తెల్లవారుజామున, ఆ ఏడు భోగి 15న.