బండి వచ్చేదాకా... బండి వెళ్ళాక

“మా గేటు ముందు కుక్క పడిపోయి ఉందండీ, తొందరగా బండి పంపండి.”

“లేచి నిలబడగలుగుతోందా? రక్తం ఎక్కడి నుంచి వస్తోంది?”

“అదంతా నేను చూళ్ళేదండీ. ఆఫీసుకు వచ్చేశాను. మీరెళ్ళి చూసుకోండి.”

మూగజీవాల్ని కాపాడే ఏ సంస్థలో కాసేపు కూర్చున్నా ఇలాంటి మాటలు చెవిన పడతాయి. ఫోన్ చేసినాయన చెడ్డవాడేం కాదు. జాలిపడ్డాడు కాబట్టే నంబరు వెతికి మరీ చేశాడు. కానీ బండి ట్రాఫిక్ దాటుకుని ఆ గేటు ముందుకు చేరేసరికి కుక్క అక్కడ ఉండదు. దెబ్బ తగిలిన జంతువు పడినచోటే పడుండదు. నొప్పి పెరిగేకొద్దీ చీకటి వెతుక్కుంటుంది. ఆగి ఉన్న లారీ కిందకో, కల్వర్టు తూములోకో, సగం కట్టిన అపార్టుమెంటు సెల్లారులోకో ఈడ్చుకుంటూ పోతుంది. బండితో వచ్చిన కుర్రాళ్ళు చుట్టుపక్కల సందులన్నీ వెతికి, ఇంకో ఫోన్ రాగానే అటు బయల్దేరతారు. రెండు మూడు రోజులకు అదే కుక్క గురించి మరొకరు చేస్తారు. “పురుగులు పట్టేశాయండీ, వాసనకు నిలబడలేకపోతున్నాం” అంటారు.

జంతు సంరక్షణ అనగానే మనకు ఫోన్లో చూసిన వీడియోలు గుర్తొస్తాయి. పాడుబడ్డ బావిలోంచి దూడను పైకి లాగడం, ప్లాస్టిక్ డబ్బాలో తల ఇరుక్కున్న కుక్కను విడిపించడం. అవన్నీ నిజంగా జరిగేవే. అయితే ఆ నిమిషం వీడియోకు ముందు, ఆ తర్వాత జరిగే పనే ఈ సంస్థల అసలు పని. బండి వచ్చేదాకా జంతువు దగ్గర నిలబడేవాళ్ళు, బండి వెళ్ళాక దాన్ని మళ్ళీ వీధిలోకి రానిచ్చేవాళ్ళు లేకపోతే మధ్యలో డాక్టరు ఎంత కష్టపడినా వృథాయే. ఆ రెండూ సంస్థ చేతిలో లేవు. మన చేతిలో ఉన్నాయి.

తెలుగునాట ఈ పనికి మూడు దశాబ్దాల చరిత్ర ఉంది. 1992లో అక్కినేని అమల చొరవతో హైదరాబాద్‌లో బ్లూక్రాస్ మొదలైంది. 1996లో విశాఖపట్నంలో ప్రదీప్ కుమార్ నాథ్ విశాఖ జంతు సంరక్షణ సంఘాన్ని, అందరూ వీఎస్‌పీసీఏ అని పిలిచే సంస్థను, ప్రారంభించారు. వీధికుక్కల్ని పట్టుకుని కరెంటు పెట్టి చంపడమే అప్పటి పద్ధతి. దాన్ని ఆపించి, చంపడానికి బదులు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే దారిలోకి నగరాన్ని తేవడం ఆ సంస్థ చేసిన మొదటి పెద్ద పని. పుట్టపర్తిలో 2000లో మొదలైన కరుణా సొసైటీది మరో కథ. దాని గురించి తర్వాత చెబుతాను.

బండి షెల్టరుకు చేరిందనుకుందాం. పురుగులు పట్టిన గాయం ఈ ఆసుపత్రుల్లో రోజూ కనిపించే కేసు. ఈగ గాయం మీద గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు బయటికొచ్చి, కండను తింటూ లోపలికి దిగుతాయి. పైకి రూపాయి బిళ్ళంత కనిపించే రంధ్రం లోపల గుప్పెడు వెడల్పు ఉంటుంది. ముందు మూతికి గుడ్డ కట్టాలి. ఎంత సాధువైన కుక్క అయినా ఆ నొప్పికి కరుస్తుంది. గాయం చుట్టూ బొచ్చు గొరిగి, మందు వేసి, పైకొచ్చిన పురుగుల్ని ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటిగా తీయాలి. ఒక్కటి మిగిలినా తవ్వుతూనే ఉంటుంది. కడిగి, పూత వేసి, మర్నాడు మళ్ళీ విప్పి చూడాలి. మూడో రోజు మళ్ళీ. నడుం వంచి ఈ పని చేసే కాంపౌండర్ల ఫొటోలు ఎక్కడా రావు. గాయం తగిలిన రోజే ఎవరైనా కడిగి మందు పూసి ఉంటే ఇంత పనే ఉండేది కాదు. ఆ మాట వాళ్ళు నిష్ఠూరంగా అనరు. అలసటగా అంటారు.

రోడ్డు ప్రమాదంలో వెనక కాళ్ళు పడిపోయిన కుక్క వస్తే డాక్టరు మొదట చూసేది కాలివేళ్ళు. వేళ్ళను గట్టిగా నొక్కితే కుక్క తల తిప్పి చూస్తుందా, మూలుగుతుందా? చూస్తే వెన్నుపాములో ఇంకా దారి ఉన్నట్టు, ఆశ ఉన్నట్టు. ఎంత నొక్కినా దానికి తెలియకపోతే ఆ కుక్క నడవడం చాలా కష్టం. అప్పుడు గది నిశ్శబ్దమవుతుంది. బతికి ఉన్నన్నాళ్ళూ షెల్టరులోనే ఉంచి పుండ్లు పడకుండా చూసుకోవడమా, నొప్పి తగ్గే దారే లేదని నిర్ధారించుకుని ఇంజక్షనుతో శాంతిగా పంపడమా? నయంకాని స్థితిలో ఉన్న జంతువు విషయంలో చట్టం రెండోదాన్ని అనుమతిస్తుంది. అనుమతి ఉంది కదా అని ఎవరికీ చెయ్యి సులువుగా ఆడదు.

కుక్కపిల్లల గది ఇంకా కష్టం. పార్వో అనే వైరస్ వస్తే నిన్న గంతులేసిన పిల్ల ఇవాళ నెత్తురు విరేచనాలతో సొమ్మసిల్లిపోతుంది. సెలైన్ ఎక్కిస్తూ, ఒళ్ళు చల్లబడకుండా చూస్తూ, వాంతి ఆగేదాకా కాచుకోవడమే వైద్యం. ఆ వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. అందుకే ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళు చెప్పులు మార్చుకుని, బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు కడుక్కుని గానీ బయటికి రారు. అలాంటి చోటికి జనం అట్టపెట్టెల్లో కళ్ళు తెరవని పసికూనల్ని తెచ్చి గేటు దగ్గర పెట్టి వెళ్ళిపోతుంటారు. “తల్లి లేదండీ, పాపం” అంటారు. నిజానికి తల్లి తిండి వెతుక్కోవడానికి వెళ్ళి ఉంటుంది. తిరిగొచ్చి, పిల్లలు లేక ఆ సందంతా కలియదిరుగుతుంది. ఆ వయసు కూనకు తల్లి పాలే మందు, తల్లి ఒళ్ళే వెచ్చదనం. పిల్లలు పొడిచోట, రోడ్డుకు దూరంగా ఉంటే కొన్ని గంటలు దూరం నుంచి కనిపెట్టి చూడండి, తల్లికి తిండి పెట్టండి, పిల్లల్ని కదపకండి. కాపాడటమంటే కొన్నిసార్లు ముట్టుకోకుండా ఉండటం.

పుట్టపర్తి దగ్గరికి వద్దాం. కరుణా సొసైటీకి వచ్చే ఆవుల్లో కొన్ని చూడ్డానికి చూడితో ఉన్నట్టు కడుపు ఉబ్బి, ఎముకలు తేలి ఉండేవి. గొడ్డును నిలబెట్టి, ఎడమ డొక్క దగ్గర మత్తిచ్చి, కోసి, పెద్దపొట్టలో చెయ్యి పెడితే గడ్డి కాదు, ప్లాస్టిక్ సంచులు బయటికొచ్చేవి. ముడులు పడి, గట్టిపడి, వాటి మధ్య మేకులు, తాళ్ళు, చిల్లరతో సహా పదుల కిలోలు. పొద్దున పాలు పితుక్కుని వీధిలోకి తోలేసిన ఆవు, మనం ముడేసి పారేసిన సంచిలో అన్నం వాసన పట్టి సంచితో సహా మింగుతుంది. ఆ ముద్ద పైకీ రాదు, కిందికీ పోదు. ఈ ఆపరేషన్ల నుంచే ‘ప్లాస్టిక్ కౌ’ డాక్యుమెంటరీ వచ్చింది. 2012లో కరుణా సొసైటీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఓ చిన్న ఊరి జంతువుల ఆసుపత్రి బల్ల మీద మొదలైన ప్రశ్న దేశం మొత్తం చెత్త పారేసే తీరు దాకా వెళ్ళింది. ఆవుకు దణ్ణం పెట్టే మనం ఆవు నోటి ముందు ఏం పారేస్తున్నామో చూసుకోకపోవడం నాకు ఎప్పుడూ కడుపులో దేవే విషయం.

భక్తికి ఇంకో ముఖం సింహాచలంలో కనిపిస్తుంది. అప్పన్నకు కోడెదూడను సమర్పించడం ఉత్తరాంధ్రలో తరాల నాటి మొక్కు. పూర్వం రైతు ఇంట్లో పెరిగి, బలిసిన కోడెను తెచ్చేవాళ్ళు. తర్వాత్తర్వాత పాలు మరవని పసిదూడల్ని కొని తెచ్చి కొండ దగ్గర వదిలిపెట్టడం ఎక్కువైంది. తల్లి పాలు లేని దూడ విరేచనాలతో కొద్దిరోజుల్లోనే నేలకొరుగుతుంది. ఆ దూడల కోసం వీఎస్‌పీసీఏ ఏళ్ళ తరబడి పోరాడింది. దూడకు సీసాతో పాలు పట్టినవాళ్ళకే తెలుస్తుంది, దేవుడికిచ్చామనుకున్నది ఎవరి ఒళ్ళో పడుతోందో.

సంస్థల క్యాలెండరు మన పండగలతోనే నడుస్తుంది. సంక్రాంతికి మాంజా. గాజుపొడి పూసిన నైలాన్ దారం చెట్ల కొమ్మలకు చిక్కుకుని పండగైపోయాక కూడా నెలల పాటు వేలాడుతూ గద్దల రెక్కలు, గుడ్లగూబల మెడలు కోస్తుంది. తెలంగాణలో 2016లోనే నిషేధించారు, 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా వద్దంది. దారం మాత్రం దొరుకుతూనే ఉంది. అదే రోజుల్లో విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో వందకు పైగా గుడ్లు. రాత్రిపూట తీరం వెంట నడిచి, గుడ్లు తీసి, కంచె వేసిన చోట మళ్ళీ ఇసుకలో పాతి, నెలన్నర పైగా కాపలా కాయాలి. ఎవరి నుంచి కాపలా? ఎక్కువగా వీధికుక్కల నుంచే. పగలు కుక్కకు కట్టు కట్టిన సంస్థే రాత్రి కుక్కను అదిలించి తాబేలు గుడ్డును కాపాడుతుంది. ప్రేమ ఉన్నంత మాత్రాన ఈ పనిలో లెక్కలు తేలిగ్గా తేలవని దీన్నిబట్టి అర్థమవుతుంది. దసరాకు పాలపిట్ట. దాన్ని చూస్తే శుభమన్న నమ్మకం అందమైనది, కానీ చేను గట్టున ఎగిరే పిట్టను చూడాల్సింది పోయి పంజరంలో కాళ్ళు కట్టేసిన పిట్టకు డబ్బులిచ్చి చూస్తున్నాం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఒళ్ళంతా బంకతో దొరికిన పాలపిట్ట మళ్ళీ ఎగరడానికి చాలా రోజులు పడుతుంది, కొన్ని ఎగరవు కూడా. దీపావళికి టపాసుల మోతకు బెదిరి పారిపోయిన పెంపుడు కుక్కలు.

ఇక అందరూ వాదించుకునే విషయం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ళ పిల్లాడిని చంపేశాయి. ఆ దృశ్యం చూసినవాళ్ళకు కుక్కల మీద జాలి గురించి ఉపన్యాసం ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. ర్యాబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటి కింద పావుగంట కడిగి, ఆలస్యం చేయకుండా టీకా వేయించుకోవాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్ల కాలం ఎప్పుడో పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు.

భయం న్యాయమైనదే. కానీ దానికి చంపడం జవాబు కాదని మన ఊళ్ళే చూపించాయి. ఏళ్ళ తరబడి చంపినా కుక్కలు తగ్గలేదు. చెత్తకుప్ప అలాగే ఉన్నంతకాలం ఖాళీ అయిన సందులోకి పక్క సందు కుక్కలు వస్తాయి. వచ్చినవి కొత్తవి, టీకా లేనివి, హద్దుల కోసం కొట్లాడుకునేవి. ఆపరేషన్ చేసి, ర్యాబిస్ టీకా వేసి, చెవి అంచు కత్తిరించి, పట్టుకున్న చోటే వదిలితే ఆ కుక్క తన సందులోకి కొత్తదాన్ని రానివ్వదు, పిల్లల్నీ పెట్టదు. 2001లో వచ్చిన, 2023లో మళ్ళీ రాసిన కేంద్ర నిబంధనలు చెప్పేది ఇదే. ఊళ్ళో కనీసం 70 శాతం కుక్కలకు ఇది జరిగితేనే ఫలితం కనిపిస్తుంది. అరకొరగా చేస్తే చేయనట్టే. బడ్జెట్ ఉన్న నెల పట్టి, లేని నెల వదిలేస్తే మిగిలిన ఆడకుక్కలు రెండు నెలల గర్భంతో ఆ ఖాళీని పూడ్చేస్తాయి. ఈ కార్యక్రమం విఫలమైందనేవాళ్ళను నేను అడిగేదొక్కటే: మీ వార్డులో దాన్ని ఎప్పుడైనా పూర్తిగా చేశారా?

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని, తర్వాత కొద్దిరోజులకే టీకా వేసి ఎక్కడివక్కడ వదలమని, ర్యాబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దని చెప్పింది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల నుంచి తీసినవాటిని తిరిగి అక్కడ వదలకూడదంది. ఆసుపత్రి వరండాలో, బడి ఆవరణలో కుక్కలు ఉండకూడదన్న మాటతో నాకు పేచీ లేదు. అవి వెళ్ళే షెల్టరు ఎక్కడుంది, అక్కడ డాక్టరెవరు, తిండి ఖర్చు ఎవరిదన్నదే ప్రశ్న. ఇప్పుడున్న షెల్టర్ల నుంచి నయమైన కుక్క వెళ్ళకపోతే రేపు దెబ్బ తగిలిన కుక్కకు చోటుండదు.

అందుకే వదిలే రోజు పట్టే రోజుకన్నా కష్టం. బండి తలుపు తీయగానే వీధివాళ్ళు అడ్డం నిలబడతారు. “తీసుకెళ్ళారు కదా, మళ్ళీ ఎందుకు తెచ్చారు?” ఒక్కోసారి మొదట ఫోన్ చేసిన మనిషే అడుగుతాడు. డ్రైవరు ఓపిగ్గా చెవి చూపిస్తాడు, టీకా కార్డు చూపిస్తాడు, నిబంధన చెబుతాడు. కొట్టి తరిమితే ఇది పక్క వీధిలో పిరికిదై కరుస్తుంది, ఇక్కడైతే మిమ్మల్ని ఎరిగిందై ఉంటుంది అని నచ్చజెబుతాడు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఇప్పటికీ పది రూపాయల నుంచి యాభై రూపాయలే. చట్టం భయపెట్టి చేయించే పని కాదిది. కొత్త న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపితే, అవిటిదాన్ని చేస్తే అయిదేళ్ళ దాకా శిక్ష పడొచ్చన్న సంగతి మాత్రం పోలీసు స్టేషనుకు వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

దెబ్బ తగిలిన జంతువు కనిపిస్తే ముందు దాని ఫొటో, లొకేషను పంపండి. కదలనివ్వకుండా దూరంగా నిలబడి, వీలైతే చుట్టూ ఏదైనా అడ్డం పెట్టి, బండి వచ్చేదాకా ఉండండి. ఉండలేకపోతే ఎదురు కొట్టాయన్నో వాచ్‌మన్‌నో ఒప్పించి ఆయన నంబరు ఇచ్చి వెళ్ళండి. నీళ్ళు దగ్గర పెట్టండి, నోట్లో పోయకండి. మీ ఊళ్ళో సంస్థే లేకపోతే ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంటుంది, సెలైను ఎక్కించడం, కట్టు కట్టడం అక్కడా చేస్తారు. విరాళం ఇవ్వాలనుకుంటే వీడియోలో కన్నీళ్ళు పెట్టించిన కుక్క పేరు మీదే ఇవ్వకండి. దానికి డబ్బు ఎలాగూ వస్తుంది. అన్నంలోకి బియ్యం, కోడికాళ్ళు, ఫినాయిలు, డీజిలు, కాంపౌండరు జీతం... వీటికే ఎప్పుడూ రాదు. పాత దుప్పట్లు, తువ్వాళ్ళు, బోన్లలో పరవడానికి పాత పేపర్లు కూడా తీసుకుంటారు. వెళ్ళే ముందు ఒకసారి ఫోన్ చేసి, ఈ వారం ఏది తక్కువైందో అడగండి.