వీడియో గేమ్ డెవలపర్

వీడియో గేమ్ డెవలపర్ అనగా వీడియో గేములను రూపొందించే వ్యక్తి లేదా సంస్థ. ఆటకు పెట్టుబడి పెట్టి, ప్రచారం చేసి, విడుదల చేసే సంస్థను పబ్లిషర్ అంటారు. కొన్ని సంస్థలు ఈ రెండు పనులనూ నిర్వహిస్తాయి.

చరిత్ర

1970వ దశకంలో అమెరికాకు చెందిన అటారీ సంస్థ తన ఆటలపై ప్రోగ్రామర్ల పేర్లు ప్రకటించేది కాదు. అందువలన వారెన్ రాబినెట్ "అడ్వెంచర్" ఆటలోని ఒక రహస్య గదిలో తన పేరును దాచి ఉంచాడు. డేవిడ్ క్రేన్, లారీ కప్లాన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనే నలుగురు ప్రోగ్రామర్లు అటారీని వీడారు. వీరు జిమ్ లెవీతో కలిసి 1979లో యాక్టివిజన్‌ను స్థాపించారు. ఇతరుల గేమ్ యంత్రాలకు ఆటలు తయారుచేసిన మొదటి స్వతంత్ర సంస్థ ఇదే. దీనిపై అటారీ వేసిన దావా 1982లో రాజీతో ముగిసింది.

సమస్యలు

ఆ తరువాత అనేక సంస్థలు ఈ రంగంలో ప్రవేశించాయి. నాసిరకం ఆటలు దుకాణాలలో పేరుకుపోవడం 1983 నాటి ఉత్తర అమెరికా మార్కెట్ పతనానికి ఒక ముఖ్య కారణం. దీనితో యంత్ర తయారీదారుల నియంత్రణ పెరిగినది. 1985లో అమెరికాలో విడుదలైన నింటెండో యంత్రంలో అనుమతి లేని ఆటలను అడ్డుకొనే చిప్ ఉండేది. విడుదల తేదీకి ముందు వారాల తరబడి అదనపు గంటలు పనిచేయవలసి రావడం మరొక సమస్య. దీనిని "క్రంచ్" అంటారు.

అవకాశాలు

స్టీమ్ (2003), యాప్ స్టోర్ (2008) వంటి ఆన్‌లైన్ అంగళ్ళ వలన చిన్న బృందాలు సైతం పబ్లిషర్ లేకుండానే ఆటలను అమ్మగలుగుతున్నాయి. 2016లో విడుదలైన "స్టార్‌డ్యూ వ్యాలీ"ని ఎరిక్ బారోన్ ఒక్కడే నాలుగేళ్ళకు పైగా శ్రమించి రూపొందించాడు. చిత్రాలు, సంగీతం కూడా అతనివే. అయితే అంగడికి కమీషను చెల్లించాలి. వేలాది ఆటల నడుమ తమ ఆట కొనుగోలుదారుల కంటపడాలి.